రాత్రిపూట ఎక్కువ పెట్రోల్ చూపించిన మీటర్

మీటర్ బోర్డు జోలికి అప్పుడే వెళ్లకండి. మీ కారు ఫ్యూయల్ గేజ్ (పెట్రోల్ ఎంతుందో చూపే సూది) ఒకసారి సగం ట్యాంకు, పది నిమిషాల తర్వాత ఖాళీ చూపిస్తోందనీ, మెకానిక్ బోర్డు మొత్తం మార్చాల్సిందే అంటున్నాడనీ రాశారు. సరిగ్గా ఇదే మాట నమ్మి నేను బోర్డు మార్పించాను. నాలుగో రోజుకి సూది మళ్లీ మొదటికొచ్చింది.

ఆ మార్పించడానికి ముందు ఒక రాత్రి జరిగింది చెప్తాను. అమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఇంటికి వస్తున్నాను. వెలుతురు ఉన్నంతసేపూ సూది ఖాళీ గీతకి వెంట్రుకవాసి పైన ఉంది. ముందు వచ్చే బంకులో పోయించుకుందాం అనుకున్నాను. చీకటి పడ్డాక లైట్లు వేశాను. కాసేపాగి చూస్తే సూది పావు దగ్గరుంది. ఇందాక రోడ్డు వాలుగా ఉండి తక్కువ చూపించిందేమోలే అనుకుని బంకు దాటేశాను. ఇరవై నిమిషాల తర్వాత ఎత్తు ఎక్కుతుండగా బండి రెండుసార్లు కుదిపి ఇంజిన్ ఆగిపోయింది. దాంతో పవర్ స్టీరింగ్ సాయం పోయి స్టీరింగ్ రాయిలా అయిపోయింది. వెనక లారీ హారన్. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి బండిని పక్కకి లాగాను. "ఏమైందిరా, ఆపేశావేం?" అంది అమ్మ. పెట్రోల్ అయిపోయిందని చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకంటే సూది అప్పటికీ పావు దగ్గరే నిలబడి ఉంది.

బోర్డు మార్చినా తగ్గకపోవడంతో ఇంకో మెకానిక్ దగ్గరికి వెళ్లాను. పెద్దాయన. స్పానర్ పట్టుకోకముందే ఒక ప్రశ్న అడిగారు: "లైట్లు వేస్తే సూది కదులుతుందా?" తాళం తిప్పి, లైట్లు వెయ్యమన్నారు. సూది లేచింది. బ్రేక్ తొక్కమన్నారు. ఇంకాస్త లేచింది. బండి కదల్లేదు, ట్యాంకులో చుక్క పొయ్యలేదు, అయినా పెట్రోల్ పెరిగిపోతోంది! తర్వాత ఒక వైరు ముక్క తీసుకుని ట్యాంకు సెండర్ (పెట్రోల్ మట్టాన్ని కొలిచి గేజ్‌కి చెప్పే భాగం) ఎర్త్ వైరు, అంటే కరెంటు తిరిగి బాడీకి చేరే వైరు నుంచి గీకి శుభ్రం చేసిన బాడీ లోహానికి తాత్కాలికంగా కలిపారు. సూది టక్కున కిందికి దిగి ఊరుకుంది. లైట్లు వేసినా, బ్రేక్ తొక్కినా కదల్లేదు. డిక్కీలో మ్యాట్ కింద తుప్పు పట్టిన ఒక ఎర్త్ బోల్టు, అంతే. ఉప్పుకాగితంతో రుద్ది, బిగించి, పైన కాస్త పెట్రోలియం జెల్లీ రాశారు.

ఎందుకలా అంటే, ట్యాంకులో తేలే బెండు లాంటి ఫ్లోట్ ఉంటుంది. పెట్రోల్‌తో పాటు అది పైకీ కిందికీ కదులుతూ ఒక చేతిని తిప్పుతుంది. ఆ చేతి కొస ఒక రెసిస్టెన్స్ పట్టీ, అంటే కరెంటుకి అడ్డు తగిలే పట్టీ మీద జారుతుంది. ఇదంతా కలిపే సెండర్. ఎంత రెసిస్టెన్స్ ఉందో (దీన్ని ఓమ్‌లలో కొలుస్తారు) చూసి గేజ్ సూదిని నడుపుతుంది. నా బండి రకంలో ఖాళీకి సున్నా, నిండుకి దాదాపు 90 ఓమ్‌లు. ఎర్త్ చెడిపోయి మధ్యలో ఇంకో 20 ఓమ్‌లు చేరితే ఖాళీ ట్యాంకే పావు ట్యాంకులా కనిపిస్తుంది. వెనక లైట్లు కూడా అదే బోల్టు ద్వారా ఎర్త్ అవుతుంటే, అవి వెలిగినప్పుడు తప్పు ఇంకా పెరుగుతుంది. కొన్ని బండ్లలో లెక్క తలకిందులు: ఖాళీకి 240, నిండుకి 33 ఓమ్‌లు. వాటిలో ఇదే జబ్బు వస్తే సూది ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. తక్కువ చూపిస్తే కనీసం ప్రాణానికి ముప్పు ఉండదు.

అందుకే మీ సూది ఎప్పుడు తప్పు చెప్తోందో ముందు గమనించండి. గుంతల్లో ఎగిరితే కనెక్టర్ వదులైందని అర్థం. ఎప్పుడూ ఒకే మట్టం దగ్గరికి వచ్చేసరికి గెంతుతుంటే, ఆ చోట పట్టీ అరిగిపోయింది. ట్యాంకు నింపినా ఖాళీయే అంటుంటే ఫ్లోట్‌లోకి పెట్రోల్ దూరి మునిగిపోయి ఉండొచ్చు, లేదా, ఖాళీకి 240 ఓమ్‌లుండే రకమైతే, వైరు తెగి ఉండొచ్చు. ఎత్తుపల్లాల్లో కొంచెం అటూఇటూ అయితే అది జబ్బే కాదు. ఉష్ణోగ్రత గేజ్ కూడా పిచ్చిగా ఆడుతుంటేనే బోర్డుని అనుమానించండి. నా నమ్మకం ఒకటే, తప్పు దాదాపు ఎప్పుడూ బండి వెనక భాగంలోనే ఉంటుంది. అయినా అందరూ కళ్లకి కనిపించే బోర్డునే ముందు పీకుతారు. వెనక సీటు ఎత్తి సెండర్ వైర్ల కనెక్టర్ చూడటం కష్టమైన పనా? చాలా కార్లలో సీటు కిందే మూత ఉంటుంది. కొన్నింటిలో అదీ పెట్టరు, ట్యాంకు మొత్తం దించాలి. చిన్న సెండర్‌ని విడిగా అమ్మకుండా పంపుతో కలిపి మొత్తం కొనమనడం కూడా నాకు మండే విషయమే.

మీ బండి కొత్త తరానిదైతే, సెండర్ వైరుని నేరుగా ఎర్త్‌కి తగిలించే పాత పరీక్ష చెయ్యనివ్వకండి. లోపల కంప్యూటర్ ఉంటుంది. ఆ కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టి చూడమనండి. సెండర్ విప్పాల్సి వస్తే ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు వద్దు. బ్యాటరీ నెగటివ్ తీసేసి, గాలి బాగా ఆడే చోట చేయించండి. పెట్రోల్ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. మూత కింద సీల్ కొత్తది వేయించండి.

బాగయ్యేదాకా సూదిని చూడకండి. ట్యాంకు నింపించి ట్రిప్ మీటర్ సున్నా చేసుకోండి. మీ మైలేజీ లెక్కన సగానికి పైగా తిరగ్గానే మళ్లీ పోయించుకోండి. అడుగంటేదాకా నడిపితే పంపుకీ మంచిది కాదు, ట్యాంకులోని పంపుని చల్లబరిచేది పెట్రోలే.

ఈ రాత్రికి ఒక పని చెయ్యండి. బండిని చదునైన చోట ఆపి, తాళం ఆన్ చేసి, సూది నిలకడగా అయ్యాక లైట్లు వెయ్యండి, బ్రేక్ తొక్కండి, ఇండికేటర్ వెయ్యండి. సూది కదిలిందో లేదో ఇక్కడ రాయండి. కదిలితే బోర్డు మార్చాల్సిన పని లేదు, డిక్కీలో మ్యాట్ ఎత్తి ఎర్త్ బోల్టు వెతకమనండి.