కథావస్తువు కావాలా? సోమవారం కలెక్టరాఫీసుకు వెళ్లండి

"రాయాలని ఉంది, కానీ నా జీవితంలో చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. మీకు కథలు ఎక్కడ దొరుకుతాయి?" అని ఒకరు నన్ను అడిగారు.

నాకు అర్జీల్లో దొరుకుతాయి. నిజంగానే.

కర్నూలు కలెక్టరాఫీసు దగ్గర ఒక జిరాక్స్, డీటీపీ షాపులో కొన్నేళ్లు టైపింగ్ చేశాను. సోమవారం వస్తే ఊపిరాడేది కాదు. జనం అర్జీలు ఇచ్చే రోజు అది. ఆ కార్యక్రమానికి ప్రభుత్వాలు పేర్లు మారుస్తూనే ఉన్నాయి. నిన్నమొన్నటిదాకా స్పందన, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. మా దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం "గ్రీవెన్సు" అనే అంటారు. ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు నుంచి తొలి బస్సుకే వచ్చేస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాసుపుస్తకం, ఆధార్, అడంగల్ (పొలం, పంట వివరాల రికార్డు) నకలు, ఎప్పుడెప్పుడివో పాత అర్జీల రసీదులు.

అర్జీకి ఒక మూస ఉంటుంది. "జిల్లా కలెక్టర్ గారి దివ్యసముఖమునకు" అని మొదలు. ఊరు, మండలం, సర్వే నంబరు, విస్తీర్ణం, కోరిక. కింద "ఇట్లు తమ విధేయురాలు", వేలిముద్ర. అంతా కలిపి ఒక పేజీ. చెప్పే మనిషి మాత్రం సర్వే నంబరుతో మొదలుపెట్టరు, పెళ్లయి ఆ ఊరికి కాపురానికి వచ్చిన రోజు నుంచి ఎత్తుకుంటారు.

ఒక అవ్వ గట్టు తగాదా మీద వచ్చింది. నేను సర్వే నంబరు అడుగుతుంటే ఆమె యాపచెట్టు గురించి చెప్తోంది. మరిది గట్టు జరిపి ఆ చెట్టును తన చేలో కలిపేసుకున్నాడట. బిడ్డను ఆ చెట్టుకే ఉయ్యాల కట్టి పడుకోబెట్టి కలుపు తీసేదట. "అవ్వా, చెట్టు సంగతి అర్జీకి అవసరం లేదు, ఎకరా ముప్పై రెండు సెంట్లు అని రాస్తే చాలు" అన్నాను. "చెట్టు రాయకపోతే నా చేను యాదో ఆ సారుకు ఎట్ల తెలుస్తాది నాయనా?" అంది. సరే, ఒక ముక్క ఇరికించాను. చదువు రాదు, అయినా కాగితం తిప్పి చూసి "చెట్టు యాడుంది?" అని అడిగింది. చూపించాను. వేలిముద్ర అక్కడే వేస్తానని పట్టు. కింద వేయాలని ఒప్పించేసరికి వెనకున్నవాళ్లు గొణగడం మొదలుపెట్టారు.

అర్జీలో పట్టదని మనం కోసేసే ముక్క ఉంటుంది చూడండి, ఇంటికెళ్లి నేను రాసుకునేది దాన్నే. ఊరు, పంట, బంధుత్వం అన్నీ మార్చేస్తాను. ఎవరి కాగితమూ నకలు దాచుకోను. ఆ తర్వాత, అదే గొడవకు ఎదుటివాళ్ల తరఫున కూడా ఒక అర్జీ రాస్తాను. మరిదిగా రాస్తే అతనికీ ఆ చెట్టుతో ఏదో సంగతి తగులుతుంది, వాళ్ల నాయన నాటిన చెట్టేమో. ఈ రెండో అర్జీ రాసేదాకా నాకు కథ కదలదు.

ఇదేం కొత్త కాదు. రెండు వందల ఏళ్ల కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ కోసం ఊరూరా సేకరించిన కైఫియత్తులు, అంటే ఊరి వివరాలు రాసిపెట్టిన కాగితాలు చూడండి. ఏ గుడికి ఎంత మాన్యం, ఏ చెరువు ఎవరు తవ్వించారు, పైకి అన్నీ లెక్కలే. మధ్యలో ఊరికి ఆ పేరెలా వచ్చిందో చెప్పే కథ ఒకటి దూరిపోతుంది. కడప జిల్లా కైఫియత్తులను అక్కడి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా వేసింది. భాష మొదట్లో కొరుకుడు పడదు, ఓపిక పట్టండి.

పేపర్లో "నా కుమారునితో నాకు ఎట్టి సంబంధము లేదు" లాంటి ప్రకటనలూ పనికొస్తాయి. ఉల్లి రేటు పడిపోయిన రోజు కర్నూలు మార్కెట్ యార్డులో రైతులు ఇంటికి ఫోన్ చేసి చెప్పే అబద్ధాలు ఇంకా బాగా పనికొస్తాయి. ఆటోల వెనక రాతలు మాత్రం నాకు అచ్చిరాలేదు. వాటిని అప్పటికే ఎవరో చెక్కేసి ఉంటారు, మనం కలపడానికేం మిగలదు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతకడం మీద అందరూ రాస్తారు. నన్నడిగితే, విత్తిన చేను తొక్కొద్దని గట్టు మీద కాపలా కూర్చున్న రైతు మీద రాయాలి.

ఏ జిల్లాలో ఉన్నా సరే, సోమవారం పొద్దున తొమ్మిదికల్లా కలెక్టరాఫీసు దగ్గర టీ కొట్టులో కూర్చోండి. నోటుబుక్కూ ఫోనూ బయటికి తీయొద్దు, విలేకరి అనుకుని మాట మార్చేస్తారు. "మీదే ఊరు?" అని అడిగితే చాలు. ఎవరైనా అర్జీ రాసిపెట్టమంటే రాసిపెట్టండి, డబ్బులు మాత్రం తీసుకోవద్దు.