పాత ఊరికి వెళ్తుంటే చేతిసంచి పట్టుకెళ్లండి

పన్నెండేళ్ల తర్వాత హైదరాబాద్ వెళ్తున్నాను, రెండు రోజులే సమయం ఉంది, ఒకప్పుడు నేను బతికిన ఊరిని మళ్లీ చూసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు రాసి అడిగారు. పేరున్న బిర్యానీ హోటళ్ల జాబితా మాత్రం వద్దన్నారు. పోయిన ఏడాది నేను సరిగ్గా ఇదే పని మీద వెళ్లాను. మొదటి సాయంత్రం ఒక పొరపాటు చేశాను. ముందు అది చెబుతాను.

2005 నుంచి 2011 దాకా అశోక్‌నగర్‌లో ఒక మేడమీది గదిలో నలుగురం ఉండేవాళ్లం. పోటీ పరీక్షల చదువు. పగలంతా చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో, రాత్రి గదిలో. ఉద్యోగం వచ్చి రాజమహేంద్రవరం వెళ్లిపోయాక మళ్లీ హైదరాబాద్ రాకపోలేదు కానీ, పెళ్లికో ఆసుపత్రి పనికో రావడం, అటునుంచి అటే తిరిగిపోవడం. పోయిన ఏడాది ఊరి కోసమే వచ్చి, నల్లకుంటలో మా అక్కయ్య ఇంట్లో సామాను పెట్టి, నేరుగా ఆ గది ఉన్న సందులోకి వెళ్లాను. మేడ లేదు. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ లేచింది. ఎవరు కావాలని కాపలాదారు అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాకా నడిచాను. తలమీద మెట్రో, దానికీ పైనుంచి ఇందిరా పార్కు–వీఎస్‌టీ ఉక్కు వంతెన. ఆ వంతెన 2023లో వచ్చింది. మేము రోజూ చాయ్ తాగిన మూలమీది ఇరానీ హోటల్ ఉన్నచోట ఫోన్ల దుకాణం ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే మీకు చెప్పే మొదటి మాట: ఉన్న ఇంటిని వెతుక్కుంటూ వెళ్లకండి. వెళ్లాలనిపిస్తే ఆఖరి రోజు వెళ్లండి.

నాకు ఊరు దొరికింది మర్నాడు ఆదివారం తెల్లవారుజామున, రాంనగర్ చేపల మార్కెట్‌లో. అప్పట్లో ఏ వేళకు వెళ్లేవాణ్ణో ఆ వేళకే, ఐదున్నరకు బయలుదేరాను. అక్కయ్య దగ్గర సంచి అడిగి తీసుకున్నాను.

మార్కెట్ కనిపించకముందే వాసన వస్తుంది. ఐసు కరిగిన నీళ్లలో ప్యాంటు మడుచుకుని నడవాలి. ఇక్కడికి వచ్చే రవ్వ, బొచ్చ చేపల్లో చాలా భాగం కొల్లేటి చుట్టుపక్కల చెరువులవి. ఆకివీడు, కైకలూరు వైపు నుంచి లారీల్లో ఐసులో పెట్టి తెస్తారు. మాది ఆకివీడు దగ్గరి పల్లె. నేను ఇంటికి వెళ్లి ఎన్నో నెలలైనా, మా చెరువుల చేప మాత్రం ప్రతి ఆదివారం హైదరాబాద్ వచ్చేది. జేబులో డబ్బు లేని ఆదివారాలు కూడా వెళ్లేవాణ్ణి, లారీలు దింపే కుర్రాళ్ల నోట మా వైపు మాట వినడానికి. ఇప్పుడు అదే చోట నిలబడితే చిత్రంగా అనిపించింది. అప్పుడు ఆ మార్కెట్ నాకు మా పల్లెను గుర్తుచేసేది. ఈసారి పల్లె గుర్తుకు రాలేదు. గది, గదిలోని ముగ్గురు, సిరా మరకల చాప గుర్తొచ్చాయి.

అక్కడ అమ్మేవాళ్లు వేరు, కోసేవాళ్లు వేరు. చేప కొని, కోసేవాళ్ల దగ్గరికి మనమే పట్టుకెళ్లాలి. కత్తిపీట ముందు కూర్చున్న ఒక పెద్దావిడ నా చేతిలోని రవ్వను అందుకుని తల ఎత్తకుండానే "పులుసుకా, వేపుడుకా?" అని అడిగింది. దాన్నిబట్టే ముక్క మందం ఉంటుంది. పులుసుకని చెప్పాను. పొలుసు రెండు వైపులా గీకింది, మొప్పలు లాగింది, పొట్ట చీల్చి పిత్తం పగలకుండా వేలితో తీసి పక్కన పడేసింది. మొత్తం రెండు నిమిషాలు పట్టలేదు. తలకాయను మాత్రం నిదానంగా, రెండు చేతులూ ఆనించి చీల్చింది. పక్కనే కొర్రమీను తొట్టెలు ఉన్నాయి. తెలంగాణ రాష్ట్ర చేప అదే. ప్రాణంతో ఉన్నదాన్ని పట్టుకుంటే చేతిలో నిలవదు, బూడిదలో దొర్లించి జిగురు వదిలించాకే కత్తికి ఆనిస్తారు.

బేరం ఆడుతుంటే నా నోట్లోంచి "నక్కో" (వద్దు) అని వచ్చింది. ఆరేళ్లు మాట్లాడి, పదమూడేళ్లుగా మరిచిపోయాననుకున్న దక్కనీ మాట. ఊరికే చూస్తూ నిలబడి ఉంటే అది వచ్చేది కాదు. మార్కెట్‌కు చేయి ఊపుకుంటూ వెళితే ఎవరికైనా దారికి అడ్డమే. సంచి ఉంటే పిలుస్తారు, ధర చెబుతారు, కసురుకుంటారు, ఒక చేప ఎక్కువ వేస్తారు. వండుకునే వీలు లేకపోతే పావుకిలో చింతపండైనా కొనండి. మీ ప్రయాణం జూన్‌లో అయితే మృగశిర కార్తె మొదలయ్యే రోజును చూసుకుని వెళ్లండి. ఆ రోజు హైదరాబాద్‌లో చేప తినని ఇల్లు తక్కువ. రాంనగర్‌లో కాలు పెట్టే సందు ఉండదు. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేప ప్రసాదం వరసలు అదే సమయానికి ఉంటాయి.

మీరు ఏ వైపు ఉండేవారో రాయలేదు. సికింద్రాబాద్ వైపు అయితే రాంనగర్ బదులు మోండా మార్కెట్ మీ చోటు. మెహిదీపట్నం, ఎర్రగడ్డ వైపు అయితే రైతు బజారు. 1999లో మొదలైన ఆ బజార్లలో ధరల బోర్డు చదవడమే మాకు ఒక కాలక్షేపంగా ఉండేది. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ మీ జ్ఞాపకాల్లో ఉంటే మాత్రం ముందే చెబుతున్నాను, అది అక్కడ లేదు. విజయవాడ రహదారిలోని బాటసింగారానికి తరలించారు. తెలియక వెళితే సగం రోజు పోతుంది.

చాయ్ గురించి. మీ పాత హోటల్ ఉంటే అంతకంటే కావలసింది లేదు. లేకపోతే నేను చేసినట్టు చేయండి. రెడ్ హిల్స్‌లో నీలోఫర్ కేఫ్ పాత దుకాణం ముందు నిలబడి తాగండి. ఊరంతా వాళ్ల పెద్ద పెద్ద చల్లని శాఖలు వచ్చాయి, అక్కడా చాయ్ బాగానే ఉంటుంది, కానీ నిలబడి తాగే చాయ్‌లో పక్కవాడి మాటలు వినిపిస్తాయి. ఇరానీ చాయ్ రుచి అంతా ఓపికలో ఉంది: మూత బిగించిన పాత్రలో డికాక్షన్ సన్నసెగ మీద గంటల తరబడి మగ్గుతుంది, పాలు వేరే పాత్రలో చిక్కబడేదాకా కాగుతాయి, రెండూ కలిసేది మన కప్పులోనే. మేము నలుగురం రెండు చాయ్‌లు చెప్పి, సగం కప్పులో, సగం సాసర్‌లో తాగేవాళ్లం. ఉస్మానియా బిస్కెట్ మాత్రం ఎవరిది వాళ్లకే.

అక్కడి నుంచి సాయంత్రానికి మొజంజాహీ మార్కెట్‌కు వెళ్లండి. ఇందులో నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి ఉంది. ఐస్‌క్రీమ్ దుకాణాలకు పేరున్న, 1935 నాటి ఆ రాతి మార్కెట్‌కు ఏడో నిజాం తన రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. ఆ మొజంజా భార్య నీలోఫర్. ఆమె పేరు మీద ఆసుపత్రి వెలిసింది, ఆసుపత్రి పేరు చాయ్ దుకాణానికి వచ్చింది. దంపతులు 1952లో విడిపోయారు. ఊరు మాత్రం ఒకరి పేరు చెప్పుకుని చాయ్ తాగుతుంది, ఇంకొకరి పేరు చెప్పుకుని ఐస్‌క్రీమ్ తింటుంది. మా రోజుల్లో ఆ మార్కెట్ గోడలు బోర్డుల వెనక, దుమ్ము వెనక కనిపించేవి కావు. 2020 ఆగస్టులో మరమ్మతులు పూర్తిచేసి తెరిచారు, ఇప్పుడు రాయి రంగు తెలుస్తోంది. పాతది చెడగొట్టారని బాధపడే చోట్ల మధ్య, ఇక్కడ మనసారా సంతోషించాను. సీతాఫలాల కాలమైతే ఆ ఐస్‌క్రీమే తినండి.

ఇక కర్రీ పాయింట్. పర్యాటకులకు ఎవరూ చెప్పరు కానీ, హైదరాబాద్‌లో గది తీసుకుని చదువుకున్నవాళ్లందరి కూర అక్కడిదే. గదిలో కుక్కర్‌లో అన్నం పడేసి, ఒకడు కిందికి దిగి పప్పు, వేపుడు, సాంబారు కవర్లలో కట్టించుకుని వచ్చేవాడు. అప్పట్లో కూర పది రూపాయలు. మా గది లేదు, ఇరానీ హోటల్ లేదు, కానీ సందు చివరి కర్రీ పాయింట్ ఉంది. అదే స్టీలు డబ్బాల వరుస, అదే దారం ఉండ. కూరలు కట్టే అక్క జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టలేదు, రోజుకు ఎన్ని వందల మందిని చూస్తుందో. మామూలుగా అందరినీ అడిగినట్టే అడిగింది, "ఎంతమందికి బాబూ?" అని.

నలుగురికి అన్నాను.

ఆమె కవర్లు ముడివేస్తుంటే ఒక ఫోటో తీసి పాత మిత్రులకు పంపాను. ఒకరు కరీంనగర్‌లో, ఒకరు పుణెలో, ఒకరు దుబాయ్‌లో ఉన్నారు. నిమిషంలో ఇద్దరు ఒకే ప్రశ్న పంపారు, దొండకాయ వేపుడు ఇంకా చేస్తున్నారా అని. చేస్తున్నారు. ఏడు గంటలకల్లా వెళితే దొరుకుతుంది, ఎనిమిదికి డబ్బా ఖాళీ.