ఇంజన్‌ను వెనక్కి జరిపితే ట్రక్కు ముక్కు బరువు తగ్గుతుందా? మా 1974 షెవర్లేతో మాకు తెలిసింది

మీరు పాత షెవర్లే పికప్‌ను ఎడారి దారుల కోసం తయారుచేసుకుంటున్నానన్నారు. గుట్ట మీంచి ఎగిరిన ప్రతిసారీ ముక్కు ముందు దిగుతోందని, ఇంజన్‌ను 25 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే బ్యాలెన్స్ కుదురుతుందా అని అడిగారు. శాన్ డియాగోలో నేనూ మా రూమ్మేటూ సరిగ్గా ఇదే పని చేశామండీ. బండి 1974 సీ10 మోడల్ పికప్, పొట్టి బెడ్ (వెనక సామాను తొట్టి), ఎనిమిది సిలిండర్ల 350 వీ8 ఇంజన్, టర్బో 350 గేర్‌బాక్స్. ఎనిమిది నెలల శని ఆదివారాలు దానికే పోయాయి. జరిపినందుకు బాధ లేదు. అన్నిటికంటే ముందు దాన్నే పట్టుకున్నందుకు మాత్రం ఇప్పటికీ బాధగా ఉంది.

లెక్క చాలా చిన్నది. జరిపే బరువును జరిపే దూరంతో గుణించి, వీల్‌బేస్‌తో (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) భాగించాలి. అంత బరువు ముందు చక్రాల మీంచి వెనక చక్రాల మీదికి పోతుంది. ఇనప వీ8, గేర్‌బాక్స్ కలిపి సుమారు 315 కిలోలు. పొట్టి బెడ్ సీ10 వీల్‌బేస్ 298 సెంటీమీటర్లు. 25 సెంటీమీటర్లు జరిపితే వెనక్కి వెళ్లేది 26 కిలోలే! మా బండి మొత్తం 1,820 కిలోలు తూగింది, అందులో 1,070 ముందు చక్రాల మీదే. అంటే దాదాపు 59 శాతం ఉన్నది 57 దగ్గరికి వచ్చి ఆగింది. ఈ లెక్క ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు గోడ) కోయకముందే వేసుకుని ఉండాల్సింది.

చిన్నప్పుడు మా ఊళ్లో ధాన్యం బస్తాలు ఎద్దుల బండికి ఎత్తేటప్పుడు నాన్న కాడి కింద చెయ్యి పెట్టి చూసేవాడు. కాడి ఎద్దుల మెడల మీద మరీ బరువుగా ఆనితే, బస్తాల వరసంతా జరిపేవాడు కాదు. ముందు చివరన ఉన్న ఒక్క బస్తా తీసి వెనక చివర వేసేవాడు. మళ్లీ కాడి కింద చెయ్యి. తేలిగ్గా ఆనిందంటే సరే, కదలమనేవాడు. ట్రక్కుకూ అదే వర్తిస్తుంది. పెద్ద బరువును జానెడు జరపడం కంటే చిన్న బరువును బండి పొడుగునా జరపడం సులువు, చవక.

మా బ్యాటరీ రేడియేటర్ పక్కన, ముందు యాక్సిల్ (ఇరుసు) కంటే ఇంకా ముందు ఉండేది. 20 కిలోలు. దాన్ని క్యాబిన్ వెనక, బెడ్‌లో బిగిస్తే 240 సెంటీమీటర్లు జరిగినట్టు. ముందు నుంచి 16 కిలోలు తగ్గాయి. ఒక పూట పని (లావు కేబుల్ వేయండి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ పెట్టండి). ఇక బంపర్. ఎవరో ఇంట్లో వెల్డింగ్ చేసిన 40 కిలోల స్టీలు బంపర్ యాక్సిల్‌కు 70 సెంటీమీటర్ల ముందు వేలాడుతుండేది. తీసేసి 12 కిలోల పైపు బంపర్ పెట్టాం. తగ్గించిన బరువు 28 కిలోలే అయినా, యాక్సిల్‌కు అవతల ఉన్న బరువు కాబట్టి ముందు చక్రాల మీద 35 కిలోలు తగ్గింది. ఇంజన్ ఇచ్చినదానికంటే ఎక్కువ!

అలాగని ఉన్న బరువంతా తోక మీదికి ఎక్కించకండి. స్పేర్ టైరు, జాకీ బెడ్ చివర కడితే వరస గతుకుల్లో వెనక భాగం ఎగిరి తంతుంది. బరువు రెండు యాక్సిళ్ల మధ్యలోకి రావాలి.

ఇంజన్ జరిపితే వచ్చే పనులు కూడా వినండి. ఫైర్‌వాల్ కోయాలి, క్యాబిన్ నేలలో గేర్‌బాక్స్ కోసం ఉన్న సొరంగం కోయాలి, గేర్‌బాక్స్‌ను మోసే అడ్డ దూలం (క్రాస్‌మెంబర్) వెనక్కి మార్చాలి. రేడియేటర్ ముందే ఉండిపోతుంది కాబట్టి ఇంజన్ ఫ్యాన్ దానికి అందదు, ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టుకోవాలి. ఈ షెవర్లే ఇంజన్‌కు డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే భాగం) వెనక ఉంటుంది. అది మా డాష్‌బోర్డు కిందికి దూరింది. స్పార్క్ టైమింగ్ సరిచూడాలంటే పక్క సీటు ముందున్న రేకు మూత విప్పి, నేల మీద పడుకుని, తల కిందికి పెట్టి చూడాలి. ఆ మూత చుట్టూ సీలు బాగా లేకపోతే పెట్రోలు వాసన, వేడి నేరుగా క్యాబిన్‌లోకే వస్తాయి. ఆగస్టులో మా వాడి కుడికాలి బూటు అడుగు మెత్తబడిపోయింది.

గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు తిప్పుడు అందించే కడ్డీ, అంటే డ్రైవ్‌షాఫ్ట్ దగ్గర చేసిన తప్పు పూర్తిగా మాదే. బండి జాకీల మీద ఉండి, వెనక యాక్సిల్ కిందికి వేలాడుతుండగా కొలత తీసుకున్నాం. షాఫ్ట్ కొంచెం పొడుగైంది. శాన్ డియాగో జిల్లాలోని ఓకోటిల్లో వెల్స్ ఎడారిలో మొదటి గట్టి గెంతుకే సస్పెన్షన్ నొక్కుకుని, షాఫ్ట్ గేర్‌బాక్స్‌లోకి పొడుచుకుపోయి వెనక కేసింగ్ పగిలింది. ఇసుక మీద ఎర్రటి ఆయిల్ మడుగు కట్టింది. కొలత ఎప్పుడూ చక్రాలు నేల మీద ఆని బరువు మోస్తున్నప్పుడే తీయండి. సస్పెన్షన్ పూర్తిగా నొక్కినప్పుడు షాఫ్ట్‌కు ఇంకా చోటు మిగిలిందో లేదో కూడా చూడండి.

మరి మెక్సికోలోని బాజా ఎడారి రేసుల్లో పరిగెత్తే ట్రోఫీ ట్రక్కుల్లో ఇంజన్ అంత వెనక ఎందుకంటారేమో. వాళ్లు ఫ్రేమే కొత్తగా కడతారు. బరువు మధ్యకు రావడంతో పాటు, ముందు సస్పెన్షన్ పొడుగు ఆర్మ్‌లకు, అది ఎంతో ఎత్తు లేచి దిగడానికి చోటు దొరుకుతుంది. మీరూ ముందు సస్పెన్షన్ మొత్తం మార్చేట్టయితే ఇంజన్ జరపడం తప్పకుండా ఆలోచించండి. ఫోర్‌వీల్ డ్రైవ్‌తో నిట్టనిలువు బండలెక్కడమే మీ పనైతే మాత్రం వద్దు. ఎక్కేటప్పుడు బరువు ఎలాగూ వెనక్కి వెళ్తుంది, ముందు చక్రాలు ఇంకా తేలిపోతాయి. పైగా వెనక షాఫ్ట్ పొట్టిదై జాయింట్ల కోణం నిటారవుతుంది.

మీరు కాలిఫోర్నియాలోనే ఉంటే బండి మోడల్ ఏ సంవత్సరమో చూసుకోండి. 1975, అంతకు ముందు పెట్రోలు బండ్లకు స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు. 1976 నుంచి ఉంది, ఇంజన్ దగ్గర మార్పులు అక్కడ ఇబ్బంది పెడతాయి.

ఈ వారంలో హైవే ట్రక్ స్టాపు కాటా మీదికి బండిని తీసుకెళ్లండి. ముందు యాక్సిల్, వెనక యాక్సిల్ విడివిడిగా తూచి చీటీ ఇస్తారు. ట్యాంకు నిండుగా ఉంచి, మీరు సీట్లో కూర్చుని తూయించండి. ఆ రెండు అంకెలూ, మీ వీల్‌బేస్, బంపర్ బరువు ఇక్కడ రాయండి. మీ బండికి ఏది ఎంత తగ్గిస్తుందో నేనే లెక్క వేసి చెప్తాను.