తే బోతే అనే స్పానిష్ పాట రీమిక్స్‌లో ఆరుగురు సింగర్లు ఎందుకు? అసలు ఇందులో రీమిక్స్ ఏముంది?

మనకి రీమిక్స్ అంటే పాత పాటకి డీజే కొత్త బీట్ వేసి స్పీడ్ పెంచడం కదా, రెగెటాన్ అనే లాటిన్ డాన్స్ మ్యూజిక్‌లో అలా కాదండీ, ఎక్కువసార్లు బీట్ దాదాపు అదే ఉంటుంది, పాడేవాళ్ళు పెరుగుతారు. ప్యూర్టో రికో వాళ్ళు నియో గార్సియా, కాస్పర్ మాహికో, డారెల్ ముందు పాడుకున్న పాట ఇది, 2018లో రీమిక్స్ అని చెప్పి ఓసూనా, బ్యాడ్ బన్నీ, నిక్కీ జామ్ కూడా వచ్చి చేరారు, ఒక్కొక్కళ్ళు తమ చరణం తామే తెచ్చుకున్నారు, దాంతో పాట దాదాపు 7 నిమిషాలకి పోయింది. ఇంత పొడుగు పాట ఎవడు వింటాడు అనుకుంటాం, కానీ అమెరికాలో లాటిన్ పాటలకి ర్యాంకులిచ్చే బిల్‌బోర్డ్ హాట్ లాటిన్ సాంగ్స్ చార్ట్‌లో నంబర్ వన్ కొట్టింది!

తే బోతే అంటే "నిన్ను వదిలించుకున్నా" అని, బ్రేకప్ పాట. సబ్జెక్ట్ ఇలాంటిది కాబట్టి ఆరుగురూ వదిలేసిన అమ్మాయిని ఆరు రకాలుగా తిట్టొచ్చు, బోర్ కొట్టదు. ఇంకోటి, ఆరుగురి ఫ్యాన్సూ ఒకే పాట మీద పడతారు, అంతగా తెలియని సింగర్లకి పెద్ద స్టార్ల ఫ్యాన్స్ దొరుకుతారు, అసలు లెక్క అదే. గొంతుల వెనకాల డుమ్-తక-డుమ్-తక అని ఆగకుండా కొట్టే బీట్‌ని డెంబో అంటారు, అది జమైకా నుంచి వచ్చింది. హెడ్‌ఫోన్స్‌లో వినండి, గొంతులు మారుతుంటాయి గానీ అది మాత్రం కదలదు.