గడప దగ్గర కొలిచి చూడు బిడ్డా

బిడ్డా,

చార్మినార్ వెనక పాత గల్లీలను బాగుచేసే పనిలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ నాన్న ఫోన్ చేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ఎండలో టోపీ పెట్టుకో. ఎవరింట్లోకైనా అడిగే వెళ్ళు. ఇంటి ఓనరుతో మాట్లాడి సరిపెట్టుకోకు, కిరాయికి ఉండేవాళ్ళనూ అడుగు. లాడ్‌బజార్ లక్కగాజులకు 2024లో జీఐ గుర్తింపు, అంటే ఈ సరుకు ఈ ఊరిదేనని సర్కారు ముద్ర, వచ్చింది, కానీ వాటిని చేసేవాళ్ళు ఇరుకు గదుల్లో బొగ్గుల కుంపటి ముందే కూర్చుంటారు. గల్లీ తవ్వి వదిలేస్తే వాళ్ళ సరుకు బయటికి పోదు. ముందు గోడ అందంగా అయిందంటే కిరాయి పెరుగుతుంది.

ఇక నీళ్ళ సంగతి. 2020 అక్టోబర్‌లో పాతబస్తీ కాలనీలు మునిగినప్పటి నుంచి మబ్బు పడితే నాకు టెన్షన్.

నా చిన్నప్పుడు వీధిలోంచి మన ఇంట్లోకి మూడు మెట్లెక్కి వచ్చేవాళ్ళం. రోడ్డు వేసినప్పుడల్లా పాతది చెక్కకుండా దాని మీదే కొత్త పొర పరిచారు. మెట్లు ఒక్కొక్కటే రోడ్డు కిందికి పోయాయి. ఆఖరికి ఒక కాంట్రాక్టర్ వీధి అందంగా ఉంటుందని రాళ్ళు పరిస్తే, మోరీ మూత మన గడప కంటే ఎత్తుకు వచ్చింది. మీ తాత పోయి చూపిస్తే "లెవెల్ మంచిగనే ఉంది పెద్దమనిషీ" అన్నాడు. మొదటి పెద్దవానకే మోరీ నీళ్ళు వంటింట్లోకి వచ్చాయి. మీ నాయనమ్మ బియ్యం డబ్బా మంచం మీదికి ఎత్తి, ఆ మోకాళ్ళ నొప్పులతోనే రాత్రంతా గిన్నెతో నీళ్ళు తోడింది.

తర్వాత ఆ కాంట్రాక్టరే చెమ్మ కనబడకుండా గోడకు నడుమెత్తు సిమెంటు పూయించాడు. మనది డంగుసున్నం గోడ. తడి పీల్చుకున్నా ఎండకు వదిలేస్తుంది. సిమెంటు అడ్డం పడేసరికి చెమ్మ పైకెక్కింది. దేవుడి గూడు చుట్టూ గోడ ఉప్పు పట్టి పొడిపొడిగా రాలేది. నాయనమ్మ రోజూ పూజకు ముందు దీపం చుట్టూ ఆ పొడి ఊడ్చేది. చూసినప్పుడల్లా నాకు కడుపు మండేది.

అందుకే చెబుతున్నా, లెవెల్ రోడ్డు మధ్యలో కాదు, ప్రతి గడప దగ్గరా చూడు. పాత పొర చెక్కనిదే కొత్తది వేయనివ్వకు. పై ఆఫీసరు కసిరితే కసరనీ. చిన్నప్పుడు ఎంత కొట్టినా బావి గట్టు దిగని మొండిదానివి, ఇక్కడ నోరు మూసుకున్నావో నేనే వచ్చి తిడతా.

మంచిగా చేసినవాళ్ళూ ఉన్నారు బిడ్డా. 1908లో మూసీ ముంచెత్తాక, 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. చార్మినార్ దగ్గరి పత్తర్‌గట్టి బజారు ఆ బోర్డు కట్టించిందే. ఆ రాతి కమానుల కింద వానకు జనం ఇప్పటికీ నిలబడతారు.

తవ్వకం మొదలుపెట్టే ముందు ఒక వానాకాలం ఇక్కడే ఉండి నీళ్ళు ఎటు పోతాయో చూసుకో. మన పై గది ఖాళీగానే ఉంది, మంచం వేయించాను. జూన్‌కల్లా వచ్చెయ్.

మీ అత్త