ఫైన్ ఆర్ట్స్ చదివిన అన్నయ్య

ప్రశ్న: మాది రాజమండ్రి. వయసు 44. నేనూ అన్నయ్యా చిన్నప్పటి నుంచి బొమ్మలు వేసేవాళ్లం. నాన్నగారు అన్నయ్యను ఫైన్ ఆర్ట్స్‌లో చేర్చి, ఇద్దరికీ కట్టలేనని నన్ను ఇక్కడే బీకామ్ చదివించారు. పిల్లలు పెద్దయ్యాక సొంతంగా ఆక్రిలిక్ రంగులతో బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. మావారు అడ్డు చెప్పరు. ప్రతి బొమ్మా ముందు అన్నయ్యకే వాట్సాప్‌లో పంపుతాను. 'బేసిక్స్ లేవు' అంటాడు. తెలిసినవాళ్లు రెండు బొమ్మలు కొంటామన్నా, ఆ మాట గుర్తొచ్చి వద్దన్నాను. ఇంతవరకు దేని మీదా సంతకం పెట్టలేదు. ఇప్పుడు డిప్లొమా చేస్తే ఆర్టిస్టునని చెప్పుకోవచ్చా?

జవాబు: నేర్చుకోవాలనుంటే చేరండి. అన్నయ్య చేత ఔననిపించుకోవడానికైతే ఫీజు దండగ. బాపు గారు చదివింది లా. ఆయన గీత చూసి డిగ్రీ ఏదని ఎవరడిగారు? డిప్లొమా సంగతి ఇంతటితో వదిలేద్దాం.

మీవారి గురించి ఒక్క ముక్క రాశారు. మిగతా ఉత్తరమంతా అన్నయ్యే. బేసిక్స్ లేవన్నది నిజమే కావచ్చు, మీ బొమ్మలు నేను చూడలేదు. సొంతంగా నేర్చుకున్నవాళ్లు చేతివేళ్ల దగ్గర, పర్‌స్పెక్టివ్ (దగ్గరివి పెద్దగా, దూరానివి చిన్నగా చూపడం) దగ్గర తడబడడం మామూలే. అయితే ఆ మాట అనేసి ఊరుకునే హక్కు ఆయనకు లేదు. ఆయన చదువులో మీరు వదులుకున్న చదువు కూడా ఉంది. ఓ ఆదివారం వచ్చి, పక్కన కూర్చుని, వెలుగూ నీడా ఎలా వెయ్యాలో చూపిస్తే అన్నగారి బాధ్యత తీరేది. నేర్పని మాస్టారు వేసే మార్కులకు మీరెందుకు బెంగపడాలి?

మీ ఊళ్లో చిత్రకారుడు దామెర్ల రామారావు గారి పేరిట ఆర్ట్ గ్యాలరీ ఉంది, చూసే ఉంటారు. ఆయన బొంబాయి వెళ్లి చదువుకున్నారు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా బొమ్మలు వేశారు. ఒక ఇంట్లో అందరి చేతికీ కుంచె అందడం వింతేమీ కాదు. ఈసారి మీ అన్నయ్యను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.

ఇదంతా చదివి ఆయనతో గొడవ పెట్టుకోకండి. పుట్టింట్లో మాటలు పెరిగితే సర్దడానికి ఏళ్లు పడుతుంది. పండక్కి వెళ్లండి, రాఖీ కట్టండి. వదినగారి దగ్గర ఈ ప్రస్తావన తేవద్దు. ఫొటోలు పంపడం మాత్రం ఆపెయ్యండి. కొత్తవేమైనా వేశావా అని అడిగితే 'ఇంటికొచ్చి చూడు అన్నయ్యా' అనండి, చాలు. రాకపోతే ఆయన ఇష్టం.

కొంటామన్నవాళ్లకు ఇవాళే ఫోన్ చెయ్యండి. మొహమాటపడి ఊరికే ఇచ్చెయ్యకండి. కాన్వాస్‌కీ రంగులకీ అయిన ఖర్చు మీద మీ కష్టానికి కూడా వెల కట్టి ధర చెప్పండి. బేరమాడితే కొంచెం తగ్గించండి, తప్పులేదు. ఇచ్చేముందు సంతకం పెట్టండి. తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనా అని మళ్లీ అన్నయ్యను అడిగేరు!