ఇన్సెప్షన్‌లో మంచం పట్టిన ఆ తండ్రి ఎవరంటే

ఇన్సెప్షన్ సినిమాలో మంచం మీద చివరి ఘడియల్లో ఉన్న తండ్రి ఎవరు, ఆయనవి ఇంకేం చూడాలి అని అడిగారు కదా. ఆయన పీట్ పోస్టిల్‌త్వెయిట్. 1946లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో పుట్టారు. కొన్నాళ్లు టీచరుగా చేసి, బ్రిస్టల్‌లో నటన నేర్చుకుని, లివర్‌పూల్ ఎవ్రీమన్ థియేటర్‌లో రాటుదేలారు.

ముందు ఇన్ ద నేమ్ ఆఫ్ ద ఫాదర్ (1993) చూడండి. చేయని నేరానికి కొడుకుతోపాటు జైలుపాలైన తండ్రి. గొంతు పెద్దగా పెంచకుండానే గుండె పిండేస్తారు. దానికే ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

నా మనసంతా మాత్రం బ్రాస్డ్ ఆఫ్ (1996) మీదే. బొగ్గుగని మూతపడుతున్న ఊళ్లో బ్యాండు మాస్టరు. లండన్‌లోని ఆల్బర్ట్ హాల్‌లో గెలిచిన కప్పు వద్దని, మనుషుల బతుకుల గురించి మాట్లాడే సీను ఒక్కటి చాలు! ఎముకలు తేలిన ఆ బుగ్గలు, మాట వెనక ఆయాసం, అన్నీ పాత్రకే పనికొచ్చాయి.

జురాసిక్ పార్క్ రెండో సినిమా ది లాస్ట్ వరల్డ్‌లో వేటగాడూ ఆయనే. పేరొచ్చినా నాటకం వదల్లేదు, 2008లో అదే ఎవ్రీమన్‌లో కింగ్ లియర్ వేశారు. 2011 జనవరిలో కన్నుమూశారు.

బ్రాస్డ్ ఆఫ్‌లో యాస కష్టం, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి.